ఆముదం ఆరదు

మా బాపు అమ్మను చేత్తో కొట్టడం మానేసిన తర్వాతే మా ఇంట్లో పెయింట్ డబ్బా మూత చప్పుడు మొదలైంది. స్క్రూడ్రైవర్ మొన మూత అంచు కింద దూర్చి పైకి లేపితే టప్పుమని చిన్న చప్పుడు, అంతే. పక్కింటి వాళ్లకు వినపడదు. అమ్మకు మాత్రం పొయ్యి దగ్గరున్నా వినపడేది. వినపడగానే చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గరికి పోయి రెక్కలు తెరిచేది.

మేం యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. వరసగా ఎనిమిది ఇళ్లు, ఒక్కో ఇంటికి రెండు గదులు, వెనక ప్రహరీ గోడ, గోడ అవతల తార్నాక పోయే రోడ్డు. బాపు యూనివర్సిటీ వడ్రంగి షెడ్డులో పనిచేసేవాడు. హాస్టల్ మంచాలు, క్లాసురూముల బెంచీలు, ప్రొఫెసర్ల కుర్చీలు అన్నీ ఆ షెడ్డులోనే బాగయ్యేవి. ఆయన పనికి మాత్రం వంక పెట్టలేం. చిత్రిక పట్టాడంటే చెక్క మీద చెయ్యి జారిపోవాల్సిందే. ఆ చెయ్యి మామీద పడ్డప్పుడూ అంతే శ్రద్ధగా పడేది. తన పని తాను చేసుకుపోతున్నట్టు కొట్టేవాడు, అరిచేవాడు కూడా కాదు.

నేను ఇంటర్‌లో ఉండగా ఒకసారి తలుపు బద్దతో అమ్మ వీపు చీరేశాడు. రవిక రక్తంతో అతుక్కుపోయి నీళ్లు పోసి తియ్యాల్సి వచ్చింది. అప్పుడు లైనులోని పెద్దవాళ్లు జమయ్యారు. మాటతో వినే మనిషి కాదని అందరికీ తెలుసు. అందుకే దసరా దాకా ఆగి, రంపం, బాడిస, ఉలులు, చెక్కసుత్తి అన్నీ కడిగి బొట్లు పెట్టి పూజలో వరసగా పేర్చినప్పుడు, వాటిమీద ఒట్టు వేయించారు. ఇకమీదట భార్యమీద చెయ్యి వెయ్యనని, వేస్తే ఆ చెయ్యి పనిముట్టు పట్టకుండా పోవాలని. పనివాడికి అంతకంటే పెద్ద ఒట్టు లేదు. బాపు ఆ ఒట్టును నిలబెట్టుకున్నాడు. నన్ను కొట్టడం మాత్రం ఆపలేదు. ఒట్టులో నా ఊసు లేదు కదా.

అమ్మకు దమ్ము రోగం. ఆ మరుసటి ఏడు కిటికీ ఊచలకు ఆకుపచ్చ ఇనామిల్ వేస్తే సాయంత్రానికి ఆమె పెదవులు నల్లబడ్డాయి. డిస్పెన్సరీకి మోసుకుపోతే డాక్టరమ్మ సూది వేసి, ఈమె ఉన్న ఇంట్లో పెయింటు వాసన, టర్పెంటైన్ వాసన ఉండకూడదని, ఇంకోసారి ఇట్లా అయితే తన చేతుల్లో లేదని బాపుకు రెండుసార్లు చెప్పింది. బాపు తల ఊపుతూ శ్రద్ధగా విన్నాడు. ఆ డాక్టరమ్మను తలుచుకుంటే నాకు జాలి. ఆమె చెప్పింది జాగ్రత్త, మా ఇంటికి వచ్చింది ఆయుధం.

కూర బాగాలేదనో, అమ్మ తన అన్నదమ్ముల మాట ఎత్తిందనో కోపం వస్తే, బాపు సజ్జ మీది నుంచి ఆ మిగిలిన ఆకుపచ్చ డబ్బా దింపేవాడు. పాము చావాలి, కర్ర విరగకూడదు. ఎవరైనా అడిగితే సాకు కూడా ఉండేది. హాస్టల్ నుంచి పనికిరాదని తీసేసిన చెక్కతో ఆయన ఇంట్లో ఒక బీరువా, ఒక మంచం, ఒక చేతుల కుర్చీ చేశాడు. మూడూ రంగు లేకుండా పచ్చి చెక్కగానే ఉన్నాయి. పచ్చి చెక్కకు పురుగు పడుతుంది, రంగు వెయ్యాలి కదా అనేవాడు. బీరువా పక్క చెక్క మీద కుంచెతో పైనుంచి కిందికి ఒక్క గీత గీసి, డబ్బా మూత పెట్టకుండా మంచం మీద కూర్చుని బీడీ తాగేవాడు. అమ్మ కిటికీ ఊచలకు ముఖం ఆనించి, బయటి గాలి కోసం చేపలాగా నోరు తెరిచేది. అట్లా మూడేళ్లలో ఆ చెక్క మీద పదకొండు ఆకుపచ్చ గీతలు పడ్డాయి. నేను ఎమ్మేలో చేరేనాటికి ప్రతి గీత ఏ గొడవదో చెప్పగలిగేదాన్ని.

ఊరుకునే రకాన్ని కాదు నేను. తండ్రికి తగ్గ బిడ్డ అని లైనంతా అనేవాళ్లు. ఒకసారి ఆ డబ్బాను ప్రహరీ గోడ అవతలికి విసిరేశాను. సాయంత్రం బాపు షెడ్డు నుంచి ఇంకోటి తెచ్చాడు. ముందు సజ్జ మీద దాన్ని జాగ్రత్తగా పెట్టి, తర్వాత నన్ను జుట్టు పట్టి గోడకు కొట్టాడు. ఎడమ కనుబొమ్మ దగ్గర ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నేను ఆయన ముంజేతిని రక్తం వచ్చేలా కొరికాను. వారం దాకా ఇద్దరం మా గాయాలు చూసుకుంటూ ఒకే గిన్నెలోని అన్నం తిన్నాం.

ఉపాయం చెప్పింది అమ్మే. దసరాకు ఇంకా ఇరవై రోజులున్నాయి. పొలం గట్టు పంచాయితీ ఉందని బాపు నాలుగు రోజులకు ఊరు పోయాడు. ఆయన బస్సెక్కిన గంటకు అమ్మ బీరువా ముందు నిలబడి, చాలాసేపు చూసి, మెల్లగా అంది.

"మొత్తం చెక్కకు మనమే రంగేస్తె, ఇగ ఆయినకు డబ్బాతోని ఏం పని బిడ్డా?"

నాకు నవ్వొచ్చింది. సాకు తీసేస్తే కోపం పోతుందా? కానీ అమ్మ ముఖంలో అప్పటిదాకా నేను చూడని పట్టుదల ఉంది. వాసన లేని రంగు ఎక్కడ దొరుకుతుందని అడిగాను. వంటింట్లో దొరుకుతుందంది.

అమ్మ చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో కొయ్యబొమ్మలు చేసేవాళ్ల ఇంటికి కూలికి పోయేదట. చింతగింజలు నూరడం ఆమె పని. ఇరవై ఒక్క ఏళ్లు ఆమెతో ఒకే ఇంట్లో ఉండి కూడా, ఆ సంగతి నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు మాత్రం ఆమె నన్ను కూలిదానిలా తిప్పింది. లైనులో ఇంటింటికీ పంపి చింతగింజలు ఏరించింది. వాటిని మూకుడులో వేయించి, పొట్టు రాలగొట్టి, నానబెట్టి, మర్నాడు పొద్దున రోట్లో నూరించింది. ఆ ముద్దలో నీళ్లు పోసి సన్నని సెగ మీద తిప్పుతూ ఉంటే పారదర్శకంగా చిక్కటి బంక తయారైంది. వాసన చూస్తే పిండి ఉడికిన వాసనే. అమ్మ దాంట్లో ముక్కు పెట్టి గట్టిగా ఊపిరి పీల్చి, నా వైపు గర్వంగా చూసింది.

తార్నాక సంతలో జాజు ఎర్రమన్ను, సుద్ద కొన్నాను. నలుపుకు అమ్మ దీపం మసి పట్టింది. బాపు సంచిలోంచి రేగ్‌మాల్ కాగితం తీసి చెక్కంతా రుద్దాను. ఆ గీతలు మాత్రం రేగ్‌మాల్‌కు లొంగలేదు. షెడ్డులో పాత పెయింటును గాజుపెంకుతో గీకడం చూశాను కాబట్టి, పగిలిన సీసా ముక్క పట్టుకుని కూర్చున్నాను. పొట్టు లేస్తుందని అమ్మను పక్కింటికి పంపించాను. ఒక్కో గీతనూ గీకుతుంటే పళ్లు కొరికినట్టు చప్పుడు. ఆ రోజు నా అరచేయి మూడుచోట్ల తెగింది, అయినా ఆపాలనిపించలేదు. చెక్కను కాదు, ఆయన చర్మాన్ని గీకుతున్నాననుకుని గీకాను. పది గీతలు పోయాయి. పదకొండోది లోతుగా ఇంకిపోయి, ఎంత గీకినా రాలేదు.

సుద్దలో బంక కలిపి రెండుసార్లు పూశాం. ఆరాక మళ్లీ రుద్ది, జాజు పూశాం. జాజు చెక్కకు పట్టడం చూస్తే కడుపు నిండినట్టుండేది. తడిగా ఉన్నప్పుడు రక్తం రంగు, ఆరితే ఇటుక రంగు. అమ్మ కుంచె పట్టుకుంది. బీరువా తలుపుల మీద సుద్దతో తీగలు, ఆకులు, రెండు చిలుకలు గీసింది. చిలుకల కళ్లకు మసి చుక్కలు. మధ్యాహ్నం వండాల్సింది మర్చిపోయి గీసింది. పచ్చి రంగుల మధ్య మూడు రోజులు కూర్చున్న మనిషికి ఒక్కసారి కూడా దమ్ము రాలేదు. ఆమె పాడుతుందని కూడా నాకు అప్పుడే తెలిసింది.

చివరికి మెరుపు రావాలంది. వార్నీష్ ఇంట్లోకి రాకూడదు. మా ఊళ్లలో గడపలకు, తలుపులకు పండుగ పూట ఆముదం రుద్దుతారు, నల్లగా నిగనిగలాడుతాయి. అమ్మకు తలకైనా, కాలి పగుళ్లకైనా, చెక్కకైనా ఆముదమే. లాలాపేట్ గానుగ నుంచి తెచ్చి, పాత చీరముక్కతో మూడింటికీ బాగా పట్టించాం. మూడూ తళతళలాడాయి. అమ్మ తలుపు దగ్గర నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పెళ్లివారి ఇల్లు చూసినట్టు చూసింది.

మర్నాడు సాయంత్రం బాపు వచ్చాడు. సంచి దింపకుండా గుమ్మంలోనే ఆగిపోయాడు. బీరువాను, చిలుకలను, మంచం కోళ్లను వరసగా చూశాడు. గీతలున్న చోట పదకొండోది జాజు కింద నుంచి సన్నగా కనపడుతోంది, అక్కడ ఇంకాస్త సేపు చూశాడు. బొటనవేలు చెక్కమీద రాసి, ఆ వేలిని చూసుకుని, లుంగీకి తుడుచుకున్నాడు. అన్నం తిని కింద చాప మీద పడుకున్నాడు. అమ్మ నావైపు చూసి కళ్లతోనే, చూసినవా, అంది. నేను కూడా నమ్మాను. ఇరవై ఒక్క ఏళ్లదాన్ని, ఎమ్మే చదువుతున్నదాన్ని, జాజుతో మా బాపు మారిపోయాడని నమ్మాను.

పొద్దున ఆయన తెల్ల పంట్లాం, తెల్ల చొక్కా వేసుకుని, తెల్లారేసరికి ఆరిపోయి ఉంటుందనుకున్నాడేమో, జాజు కుర్చీలో కూర్చుని చాయ తాగి షెడ్డుకు పోయాడు. షెడ్డులో ఇరవైమంది మగవాళ్లు. తెల్ల పంట్లాం వెనక ఎర్ర మరక చూస్తే మగవాళ్లు ఏమని నవ్వుతారో నేను రాయక్కర్లేదు. ఆయనకు పదకొండింటి దాకా ఎవరూ చెప్పలేదట. నవ్వుతూనే ఉన్నారట.

పన్నెండు కొట్టకముందే ఇంటికొచ్చాడు. నాకు ఆ రోజు క్లాసు లేదు. లోపలికి రాగానే తలుపు గడియ పెట్టాడు. తర్వాత కిటికీ రెక్కలు రెండూ మూసి, చీలలు బిగించాడు. గొంతు మామూలుగానే ఉంది.

"ఏ నూనె రుద్దిన్రు?"

"ఆముదం," అంది అమ్మ.

"ఆముదం ఆరదే. ఎన్నేండ్లైనా ఆరది. అవిసె నూనె రుద్దాలె. పనోణ్ని నేనుండంగ, నన్నొక్క మాట అడగరాదా?"

ఆ మాటలో కోపం కంటే ఇంకేదో ఎక్కువుంది. తన పనిలో తనను అడగలేదన్న బాధ అది అని నాకు అప్పుడే తెలిసింది, తెలిసినా నాకు అక్కర్లేకపోయింది. ఎందుకంటే అంటూనే ఆయన సజ్జ మీది డబ్బా దింపి మూత లేపాడు. ఈసారి కుంచె ముంచలేదు. డబ్బాను రెండు చేతులతో ఎత్తి బీరువా మీద కుమ్మరించాడు. ఆకుపచ్చ ఇనామిల్ చిలుకల మీది నుంచి జారి, తలుపుల సందుల్లో నిండి, నేలమీద పారింది. మూసిన గది. మధ్యాహ్నం ఎండకు కాగిన రేకుల కప్పు. ఆ ఘాటుకు నా కళ్లే మండిపోయాయి.

అమ్మ కిటికీ వైపు పోయింది. చీల తియ్యడానికి ఆమె వేళ్లలో బలం లేదు. తలుపు వైపు తిరిగింది. బాపు తలుపుకు వీపు ఆనించి, కుడిచెయ్యి గడియ మీద వేసి నిలబడ్డాడు. అమ్మ నేలమీద కూలబడింది. ఆమె ఛాతీలోంచి పగిలిన పిల్లనగ్రోవిలాంటి చప్పుడు. బాపు ఆమెను చూస్తూ అన్నాడు.

"నిన్ను నేను ముట్టలే. ఒట్టు తప్పలే."

ఆయన పనిసంచి తలుపు పక్కనే ఉంది. నా చేతికి చెక్కసుత్తి తగిలింది. ఒట్టు వేసిన నాడు పూజలో బొట్టు పెట్టిన సుత్తి, పోయిన దసరా కుంకుమ పిడి సందులో ఇంకా ఎర్రగా ఉంది. జరగమని చెప్పలేదు. బతిమాలలేదు. గడియ మీదున్న ఆ చేతి మీద బలమంతా పెట్టి కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఆయన చెయ్యి గడియ మీది నుంచి జారిపోయింది. తలుపుకు అడ్డం లేదు. గడియ తీసి అమ్మను బయటికి లాగితే సరిపోయేది. కానీ ఆయన ఆ చేతిని ద్వారబంధానికి ఆనించుకున్నాడు. అక్కడ మళ్లీ కొట్టాను.

మొదటి దెబ్బ అమ్మ కోసం. రెండోది నా కోసం. అది కొట్టినప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను, హాయిగానే అనిపించింది.

తర్వాత గడియ తీసి అమ్మను బయటికి లాగాను, లైనంతా పరుగెత్తుకొచ్చింది. ఆటోలో అమ్మను మధ్యలో కూర్చోబెట్టి, ఒకవైపు నేను, ఇంకోవైపు ఎడమచేత్తో ఆమె తలను తన భుజానికి ఆనించుకుని బాపు. విరిగిన చెయ్యి ఆయన ఒళ్లో గుడ్డమూటలా పడి ఉంది. దారంతా డ్రైవర్‌ను జల్ది పోనియ్యమని ఏడ్చినట్టు అడుగుతూనే ఉన్నాడు. ఆసుపత్రిలో అమ్మకు రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. చెయ్యికేమైందని డాక్టర్ అడిగితే, సుత్తి జారిందన్నాడు బాపు. బొటనవేలు, దాని పక్క వేలు మళ్లీ సరిగా వంగవన్నారు. ఉలి పట్టడం ఇక కుదరదు.

లైనులో ఎవరూ నన్ను ఒక్కమాట అనలేదు. ఒట్టు తగిలింది అన్నారు. బాపు కూడా అదే అన్నాడు, అదే నమ్మాడు. షెడ్డులో ఆయనను తాళంచెవుల పనికి మార్చారు. ఇంట్లో మనిషే వేరైపోయాడు. ఒకరోజు అవిసె నూనెలో ముంచిన గుడ్డపేలిక తెచ్చి, దూరంగా నిలబడి, ఈ వాసన నీకు పడుతుందా చూడు అని అమ్మను అడిగాడు. పడుతుందన్నాక, ఎడమచేత్తో ఊక వేసి రుద్ది మంచం మీది ఆముదాన్ని తీసి, మళ్లీ జాజు పట్టించి, అవిసె నూనె రుద్ది ఎండలో పెట్టాడు. నెలకు గట్టిపడింది. బీరువాను మాత్రం ఎవరం ముట్టుకోలేదు. సగం ఆకుపచ్చగా, సగం చిలుకలతో అట్లాగే ఉండిపోయింది.

ఆయన మంచివాడు కావడం నేను తట్టుకోలేకపోయాను. అసలు సంగతి అది. కోపం పెట్టుకోవడానికి నాకు పాత మనిషే కావాలి.

అప్పటికి ఆయన చేతి కట్టు ఇంకా విప్పలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను లైబ్రరీ నుంచి వచ్చేసరికి అమ్మ ముద్దలు కలిపి బాపుకు తినిపిస్తోంది. ఎడమచేత్తో తినడం ఆయనకు ఇంకా రాలేదు. అమ్మ ఏదో అంటోంది, ఆయన నవ్వుతున్నాడు. నా ఒళ్లు మండిపోయింది. పుస్తకాలు నేలకు కొట్టి, నిన్ను చంపబోయిన మనిషి నోటికి ముద్దలు పెడుతున్నావా, సిగ్గుందా అని అమ్మ మీద అరిచాను. అమ్మ ఇంకో ముద్ద కలిపింది. అది చూసేసరికి ఇంకా మండింది.

సజ్జ మీద ఆ డబ్బా ఉంది. అడుగున వేలెడు మందం పెయింటు మిగిలితే, గొడవనాడు ఎవరో మూత పెట్టి ఎప్పటి చోటనే పెట్టేశారు. దాన్ని పారేద్దామని సర్రున పోయి దింపాను.

అమ్మ ముద్ద కంచంలో వదిలేసింది. ఎంగిలి చెయ్యి కూడా కడగకుండా కిటికీ దగ్గరికి పోయి రెక్కలు రెండూ తెరిచింది. ఊచలకు ముఖం ఆనించింది. బాపు లేచి నాకూ ఆమెకూ మధ్య నిలబడ్డాడు. కట్టు కట్టిన చేతిని అడ్డం పెట్టాడు.

"మూత తియ్యకు బిడ్డా," అన్నాడు. "మీ అమ్మ తట్టుకోలేదు."

ఎప్పుడు తీసుకున్నానో తెలియదు, నా రెండో చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది.

డబ్బాను బయటికి తీసుకుపోయి, క్యాంపస్ గేటు దాటి, అడిక్‌మెట్ పోయే దారిలో చెత్తకుండీలో పడేసి వచ్చాను. పారెయ్యడానికే దింపానని ఆ రోజు ఇద్దరికీ చెప్పాను. వాళ్లు నమ్మామన్నారు. బాపు పోయాడు, అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది, ఆ జాజు మంచం మీదే పడుకుంటుంది. నేను వంటింట్లో చెంచా కాడతో నెయ్యి డబ్బా మూత లేపినా ఆమె ఒక్క క్షణం ఊపిరి బిగపడుతుంది. పారెయ్యడానికే దింపానని ఇప్పటికీ చెబుతాను. ఒట్టు వెయ్యమంటే మాత్రం వెయ్యలేను.